గాలికి పోయే ప్రాణం, దానికి కట్టే లెక్క
పాఠకుల ప్రశ్నలు – జవాబులు

చలికాలం రాగానే పత్రికల్లో ఒక వార్త తప్పనిసరిగా వస్తుంది: గాలి కాలుష్యం వల్ల దేశానికి ఇన్ని లక్షల కోట్ల నష్టమని. ఆ అంకె ఎలా పుట్టింది, దాన్ని ఎంతవరకు నమ్మాలి అని అడిగిన ఉత్తరాలకు ఈసారి శీర్షిక మొత్తం కేటాయించాం.

ఒక పత్రికలో గాలి కాలుష్యం వల్ల జీడీపీలో 1.36 శాతం నష్టమని చదివాను. ఇంకోచోట దాదాపు 8 శాతం అన్నారు. ఆరు రెట్ల తేడా! ఇద్దరిలో ఒకరు తప్పు చెబుతున్నట్టే కదా?
– బ్యాంకు విశ్రాంత ఉద్యోగి, గుంటూరు

ఇద్దరూ తప్పు చెప్పలేదు. వాళ్లు కొలిచినవే వేరు.

1.36 శాతం అన్నది 2020 డిసెంబరులో లాన్సెట్ ప్లానెటరీ హెల్త్ పత్రికలో వచ్చిన అధ్యయనంలోది. 2019లో మన దేశంలో గాలి కాలుష్యం వల్ల 16.7 లక్షల మంది చనిపోయారని, అంటే మొత్తం మరణాల్లో 17.8 శాతమని అందులో తేల్చారు. నష్టం 3,680 కోట్ల డాలర్లు. అందులో 2,880 కోట్లు అకాల మరణాల వల్ల, మిగతాది జబ్బుపడి పని పోవడం వల్ల. రెండో అంకె, కచ్చితంగా చెప్పాలంటే 7.69 శాతం, ప్రపంచ బ్యాంకు 2016లో ప్రచురించిన నివేదికలోది. అది 2013 సంవత్సరానికి కట్టింది. అందులో మరణాలు 14 లక్షలు.

మరణాల సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా లేదు చూడండి. తేడా అంతా ఒక్కో మరణానికి కట్టిన విలువలో ఉంది. మొదటి అధ్యయనంలో 2,880 కోట్ల డాలర్లను 16.7 లక్షలతో భాగిస్తే తలకి 17 వేల డాలర్లు, అప్పటి మారకంలో సుమారు 12 లక్షల రూపాయలు వస్తుంది. ప్రపంచ బ్యాంకు చెప్పిన 50,500 కోట్ల డాలర్లను 14 లక్షలతో భాగిస్తే తలకి 3.6 లక్షల డాలర్లు. ప్రపంచ బ్యాంకువి కొనుగోలుశక్తి ప్రకారం సవరించిన డాలర్లు కాబట్టి రెండింటినీ నేరుగా పక్కపక్కన పెట్టకూడదు. అయినా ఎంత దూరం ఉందో తెలుస్తూనే ఉంది.

మొదటిది మానవ మూలధన పద్ధతి. మనిషి బతికుంటే ఇంకెంత సంపాదించేవాడో ఆ మొత్తాన్ని నేటి విలువకు దించి కడతారు. రెండోది, మరణించే ప్రమాదాన్ని తగ్గించుకోవడానికి జనం ఎంత ఇవ్వడానికి సిద్ధపడతారన్న పద్ధతి. సంపాదన ఆగిపోయినంత మాత్రాన ప్రాణానికి విలువ ఆగిపోదు కదా, అందుకే ఇందులో అంకె పెద్దదవుతుంది. ఈ రెండింటి మధ్య తేడా చూడడానికి వేరే నివేదిక కూడా అక్కర్లేదు. అదే ప్రపంచ బ్యాంకు నివేదికలో అదే 2013కి, పోయిన సంపాదన మాత్రమే చూస్తే నష్టం 0.84 శాతమని ఉంది. పత్రికలకు ఆ అంకె నచ్చదు, అంతే.

మానవ మూలధన పద్ధతికి ఒక పెద్ద లోపం ఉంది. 72 ఏళ్ల ముసలాయన పోతే దాని ప్రకారం నష్టం దాదాపు సున్నా. ఇంటిపనికి విడిగా వెల కట్టకపోతే గృహిణి మరణమూ అంతే. ఇంకొకటి వడ్డీ రేటు, మీకు బాగా తెలిసిన సంగతే. ఏటా 2 లక్షలు సంపాదించే 30 ఏళ్ల మనిషి మరో 30 ఏళ్లు పనిచేస్తాడనుకుందాం. 3 శాతంతో లెక్కకడితే ఆ సంపాదన నేటి విలువ 39 లక్షలు, 6 శాతంతో 27.5 లక్షలు, 10 శాతంతో 19 లక్షలు. ఏ రేటు వాడారో రాయని నివేదికను పక్కన పెట్టేయవచ్చు.

మరణ ధ్రువపత్రంలో గుండెపోటనో పక్షవాతమనో రాస్తారు. గాలి అని ఎవరూ రాయరు. మరి లక్షల మంది గాలి వల్లే పోయారని ఎలా తేలుస్తారు? కాలుష్యం ఉన్నచోట పేదరికమూ ఉంటుంది, బీడీలూ ఉంటాయి. వాటి పాపం గాలికి చుట్టడం లేదని నమ్మకమేమిటి?
– అధ్యాపకుడు, నంద్యాల

ఈ రంగంలో మొదటి నుంచీ నడుస్తున్న తగాదా ఇదే. 1993లో హార్వర్డ్ పరిశోధకులు అమెరికాలో ఆరు పట్టణాల్లోని 8,111 మందిని ఏళ్ల తరబడి గమనించి ఫలితాలు ప్రకటించారు. అన్నిటికన్నా మురికి గాలి ఉన్న స్టూబెన్‌విల్‌లో, శుభ్రమైన పోర్టేజ్‌తో పోలిస్తే మరణాల రేటు 26 శాతం ఎక్కువ. పొగతాగడం, బరువు, చదువు లాంటివి సర్దుబాటు చేశాక మిగిలిన తేడా అది. అయినా మీ సందేహం తీరదు, ఎందుకంటే లెక్కలోకి తీసుకోని తేడాలు రెండు ఊళ్ల మధ్య ఇంకెన్నో ఉండొచ్చు.

ఆర్థికవేత్తలు వెతికేది జనం అలవాట్లతో సంబంధం లేకుండా గాలి మాత్రమే మారిన సందర్భాలను. వాటిలో బాగా పేరుపడ్డది చైనాలో హువాయ్ నది గీత. 1950 నుంచి 1980 దాకా ఆ నదికి ఉత్తరాన ఉన్న ఊళ్లకు చలికాలంలో గదులు వెచ్చబరచుకోవడానికి ప్రభుత్వం బొగ్గు ఉచితంగా ఇచ్చింది, దక్షిణాన ఇవ్వలేదు. డబ్బు చాలక ఎక్కడో ఒకచోట గీత గీయాల్సి వచ్చి, నది దగ్గర గీశారు. బాయిలర్లు, వాటి పొగ తరవాత కూడా ఉండిపోయాయి. నివాస నమోదు నియమాల వల్ల జనం ఒకచోటి నుంచి ఇంకోచోటికి సులువుగా మారలేకపోయారు. కాబట్టి ఎవరు ఏ గాలి పీల్చాలో నిర్ణయించింది ఆ గీతే.

చెన్, ఎబెన్‌స్టీన్, గ్రీన్‌స్టోన్, లీ 2013లో ప్రకటించిన లెక్కలో ఉత్తరాన గాలిలో మొత్తం ధూళి 55 శాతం ఎక్కువ, సగటు ఆయుర్దాయం 5.5 ఏళ్లు తక్కువ. తేడా అంతా గుండె, ఊపిరితిత్తుల జబ్బుల మరణాల్లోనే కనపడింది, మిగతా కారణాల మరణాల్లో లేదు. మీ సందేహానికి ఇది గట్టి జవాబు. పేదరికమే కారణమైతే అన్నిరకాల మరణాలూ పెరగాలి. 2017లో మెరుగైన సమాచారంతో మళ్లీ చేస్తే తేడా 3.1 ఏళ్లకు తగ్గింది: పీఎం 10 ధూళి (పది మైక్రాన్ల లోపు రేణువులు; మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఘనపు మీటరుకు 10 మైక్రోగ్రాములు పెరిగితే 0.64 ఏళ్ల ఆయుష్షు పోతుందని తేలింది. తొలి లెక్క మీద విమర్శలూ వచ్చాయి. గీతకు రెండువైపులా ఎలాంటి వంపుతో రేఖ గీస్తామన్న దాన్నిబట్టి జవాబు మారిపోతోందని గణాంక శాస్త్రవేత్త ఆండ్రూ గెల్మన్ ఎత్తిచూపారు. 5.5 అన్న అంకెను పట్టుకుని వేలాడకండి. దిశ మాత్రం నిలిచింది.

మన పత్రికల్లో ‘ఫలానా జిల్లా ప్రజలు ఇన్నేళ్ల ఆయుష్షు కోల్పోతున్నారు’ అని వచ్చే వార్తలకు మూలం కూడా ఈ నది గీతే. రెండున్నర మైక్రాన్ల లోపు మరీ సన్నని ధూళి, అంటే పీఎం 2.5 లెక్కలోకి మారిస్తే ప్రతి 10 మైక్రోగ్రాములకు 0.98 ఏళ్లు. ఏడాది సగటు 40 ఉన్న ఊరిని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన 5తో పోల్చి 35 తీసుకుంటే 3.4 ఏళ్లు. అంటే ఆ గాలినే జీవితమంతా పీల్చినవారి సగటు అది. మీ వయసులోంచి 3.4 తీసేయమని కాదు.

ఇలాంటివి మరికొన్ని. అమెరికాలో యూటా లోయలోని ఉక్కు కర్మాగారం 1986 ఆగస్టు నుంచి 13 నెలలు మూతపడింది. అది నడిచిన చలికాలాల్లో బ్రాంకైటిస్, ఆస్తమాతో ఆస్పత్రిలో చేరిన పిల్లలు, మూసి ఉన్న చలికాలంతో పోలిస్తే రెండు మూడు రెట్లు. న్యూజెర్సీ, పెన్సిల్వేనియాల్లో టోల్‌గేట్ల దగ్గర ఆగి డబ్బు కట్టే పద్ధతి పోయి, మన ఫాస్టాగ్ లాంటిది రాగానే, గేటుకు 2 కిలోమీటర్ల లోపు ఉన్న తల్లులకు నెలలు నిండకుండా పుట్టే శిశువులు సుమారు 11 శాతం తగ్గారు. ఇంజన్లు ఆన్‌లో పెట్టుకుని బారులు తీరడం పోయిందంతే. గాలి ఏ దిక్కునుంచి వీస్తోందన్న దాన్నే ఆధారం చేసుకుని 2019లో వచ్చిన మరో అధ్యయనంలో, పీఎం 2.5 ఒక్కరోజు 1 మైక్రోగ్రాము పెరిగితే మూడు రోజుల్లో ప్రతి పది లక్షల మంది అమెరికా వృద్ధుల్లో 0.69 మరణాలు అదనమని తేలింది. గాలి దిక్కు ఎవరి బీడీతోనూ మారదు.

అన్ని ప్రయత్నాలూ ఫలితాన్నివ్వవు. మన దేశంలో వాహనాలకు పొగలోని విషవాయువులను తగ్గించే కెటలిటిక్ కన్వర్టర్ తప్పనిసరి చేశాక గాలి బాగుపడింది కానీ, శిశు మరణాల్లో వచ్చిన తగ్గుదల గణాంకాల దృష్ట్యా ఖాయంగా చెప్పేంత పెద్దది కాదని 2014లో గ్రీన్‌స్టోన్, రీమా హన్నా రాశారు. ఢిల్లీ గురించి 1997లో వచ్చిన అధ్యయనం ఇంకా ఆసక్తికరం. ధూళి పెరిగినప్పుడు మరణాలు పెరిగే శాతం అమెరికా కంటే ఇక్కడ తక్కువే. కానీ అక్కడ పోయేది ఎక్కువగా వృద్ధులు, ఇక్కడ 15–44 ఏళ్లవారు కూడా. మరణాలు లెక్కపెడితే తక్కువ నష్టం, పోయిన ఏళ్లు లెక్కపెడితే ఎక్కువ నష్టం.

మా పట్టణానికి ఇలాంటి లెక్క పీజీ ప్రాజెక్టుగా చేయాలనుకుంటున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలి?
– అర్థశాస్త్ర విద్యార్థిని, నల్లగొండ

మీ ఊరు జాతీయ శుద్ధ వాయు కార్యక్రమం జాబితాలో ఉంది. తెలంగాణ నుంచి హైదరాబాద్, పటాన్‌చెరు, సంగారెడ్డితో పాటు నల్లగొండ, ఆంధ్రప్రదేశ్ నుంచి 13 పట్టణాలు అందులో ఉన్నాయి. కాబట్టి కొలతలు దొరుకుతాయి.

కావలసినవి నాలుగు: గాలిలో ధూళి ఎంత, దాన్ని పీల్చే జనం ఎందరు, ఏటా మరణాలు ఎన్ని, ధూళి పెరిగితే మరణాలు ఎంత పెరుగుతాయన్న నిష్పత్తి. చివరిదానికి, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మార్గదర్శకాల కోసం అధ్యయనాలన్నీ కలిపి చూసినప్పుడు పీఎం 2.5 ప్రతి 10 మైక్రోగ్రాములకు 1.08 వచ్చింది, అంటే 8 శాతం ఎక్కువ.

ఒక ఊహా పట్టణం తీసుకుందాం. ప్రమాదాలు, పిల్లల మరణాలు తీసేశాక ఏటా 6,000 మరణాలు. పీఎం 2.5 ఏడాది సగటు 50 నుంచి 40కి తగ్గితే ఏమవుతుంది? 1 లోంచి 1/1.08 తీసేస్తే 0.074. దాన్ని 6,000తో గుణిస్తే ఏడాదికి 444 మరణాలు తప్పుతాయి.

తప్పు జరిగేది పెద్ద తేడాల దగ్గర. 50 నుంచి 5కి అంటే 45 మైక్రోగ్రాములు. చాలామంది 8 శాతాన్ని 4.5తో గుణించి 36 శాతమని, 2,160 మరణాలని రాసేస్తారు. అలా కాదు. 1.08ని 4.5 ఘాతానికి హెచ్చిస్తే 1.414. దాన్నుంచి 1 తీసేసి మళ్లీ 1.414తోనే భాగించాలి: 0.293. అంటే 1,757 మరణాలు. ఈ ఒక్క మెట్టు దాటేసినందుకు 400 మంది అదనంగా చచ్చిపోయారు, కాగితం మీద. పైగా 1.08 అన్నది ఎక్కువగా శుభ్రమైన దేశాల్లో కొలిచింది. ధూళి బాగా ఎక్కువైన చోట ఆ రేఖ క్రమంగా చదునవుతుందని ఆధారాలున్నాయి. ఉత్తరాది నగరాలకు ఇదే నిష్పత్తి వాడితే మరణాలు ఎక్కువ చేసి చూపినట్టవుతుంది.

కొలతల గురించి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వెబ్‌సైట్లో యంత్రాల రీడింగులు దించుకోవచ్చు. దించగానే సగటు తీయకండి. ఒకే అంకె గంటల తరబడి కదలకుండా ఉంటే యంత్రం ఇరుక్కుందని అర్థం, అది తీసేయండి. రుణ సంఖ్యలనూ, పీఎం 10 కంటే పీఎం 2.5 ఎక్కువ చూపిన గంటలనూ తీసేయండి, రెండోది చిన్నది కాబట్టి మొదటిదానిలో భాగమే. రోజులో కనీసం 16 గంటల రీడింగులు ఉంటేనే ఆ రోజును లెక్కలోకి తీసుకోండి, మన వాయు నాణ్యత సూచీకి కూడా ఇదే నియమం. జనవరి, ఫిబ్రవరి లేని ఏడాది సగటు తక్కువ చెబుతుంది, వానాకాలం లేనిది ఎక్కువ చెబుతుంది. నెలనెలా సగటు తీసి, ఆ పన్నెండింటి సగటు తీయండి. చవక సెన్సర్లు పెట్టదలిస్తే, అవి కాంతి చెదరడాన్నిబట్టి ధూళిని అంచనా వేస్తాయని, గాలిలో తేమ పెరిగితే నీటి బిందువుల్ని కూడా ధూళిగా లెక్కపెడతాయని గుర్తుంచుకోండి. కనీసం రెండు మూడు వారాలు ప్రభుత్వ యంత్రం పక్కన పెట్టి సరిచూసి, తేమ ప్రకారం సవరించాకే వాడాలి.

ఇంటింటి సర్వేతో వైద్య ఖర్చు కూడా కడతానంటే, మామూలు జబ్బులకు గత 15 రోజులు, ఆస్పత్రిలో చేరినదానికి గత 365 రోజులు అడగండి, జాతీయ నమూనా సర్వే ఆరోగ్య విభాగం 2017–18లో అలాగే అడిగింది. అంతకుమించి మామూలు దగ్గు ఎవరికీ గుర్తుండదు. ఫీజు, మందులు, పరీక్షలు, ఆటో ఖర్చు, రోగి కూలి, వెంట వచ్చినవారి కూలి అన్నీ విడివిడిగా రాయించండి. రోగుల్ని ఆస్పత్రి దగ్గర మాత్రమే ఎంచుకుంటే ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సూదిమందు వేయించుకుని ఇంటికెళ్లిన సగంమంది మీ లెక్కలోకి రారు. ఆరోగ్యశ్రీలో చికిత్స జరిగితే రోగి ‘ఖర్చు సున్నా’ అంటారు. అక్కడ సున్నా రాయకండి, ప్యాకేజీ ధరను ప్రభుత్వ ఖర్చుగా వేయండి. ‘దగ్గు రాకుండా ఉండడానికి ఎంత ఇస్తారు?’ అని కూడా అడిగితే, ఆ జవాబునూ వైద్య ఖర్చునూ కలపొద్దు. మొదటిదాంట్లో రెండోది చాలావరకు ఇమిడే ఉంటుంది.

రోజువారీ ధూళికీ ఓపీ సంఖ్యకీ పొంతన చూసేట్టయితే ఆదివారాలు, పండగలు, ఉష్ణోగ్రత, తేమ తప్పనిసరిగా పట్టికలో ఉండాలి. చలికాలం తెల్లవారుజామున చల్లగాలి నేలమీదే ఆగి, పైన వెచ్చని పొర మూతలా కూర్చుంటుంది, ధూళి పెరుగుతుంది. అదే కాలంలో జలుబు వైరస్‌లూ పెరుగుతాయి. రెండూ కలిసొస్తే, ఉష్ణోగ్రత లేని పట్టికలో వైరస్ తప్పు ధూళి నెత్తిన పడుతుంది.

మనిషి ప్రాణానికి ధర కట్టడం దారుణం కాదా? పైగా అమెరికా ప్రాణానికి ఒక ధర, మన ప్రాణానికి ఇంకో ధర!
– గృహిణి, విశాఖపట్నం

‘గణాంక ప్రాణం విలువ’ అన్న పేరే తప్పుదారి పట్టిస్తుంది. ఇది ఎవరో ఒక మనిషి ధర కాదు. పదివేల మంది ఉన్న పేటలో ఒక్కొక్కరికీ మరణ ప్రమాదం పదివేలలో ఒకటి చొప్పున తగ్గే ఏర్పాటు ఉందనుకోండి. దానికి తలకి 300 రూపాయలు ఇస్తామన్నారు. మొత్తం 30 లక్షలు. ఏడాదికి సగటున ఒక ప్రాణం నిలుస్తుంది, అది ఎవరిదో తెలియదు. ఆ 30 లక్షలనే ‘గణాంక ప్రాణం విలువ’ అంటారు. ఈ ఆలోచనకు 1968లో రూపమిచ్చింది ఆర్థికవేత్త థామస్ షెల్లింగ్. ధర కట్టకపోతే ప్రాణం అమూల్యమవుతుందనుకుంటాం కానీ, బడ్జెట్ పట్టికలో ఖాళీ గడి ఎప్పుడూ సున్నాగానే కలుస్తుంది.

మీ రెండో అభ్యంతరానికి మాత్రం మేమూ తల ఊపుతాం. అమెరికా పర్యావరణ సంస్థ వాడుతూ వచ్చినది 2006 డాలర్లలో 74 లక్షలు. ఢిల్లీలో రోడ్డు ప్రమాదాల గురించి జనాన్ని అడిగి 2007లో ప్రకటించిన అధ్యయనంలో వచ్చింది సుమారు 13 లక్షల రూపాయలు. జేబులో ఉన్నదాన్నిబట్టే కదా ‘ఇస్తాను’ అన్న మాట వస్తుంది. ఇలాంటి సర్వేలు లేని దేశాలకు ధనిక దేశాల విలువను ఆదాయం ప్రకారం దించుతారు. దించేటప్పుడు వాడే ఘాతంలో అసలు కథంతా ఉంది. ఆదాయం పదో వంతు అనుకుంటే, ఘాతం 1 అయితే విలువ పదో వంతు. 1.2 అయితే పదహారో వంతు, 1.5 అయితే ముప్పై రెండో వంతు. ప్రపంచ బ్యాంకు మన లాంటి దేశాలకు 1.2 వాడింది. ఒక దేశం లోపల మాత్రం ఆదాయాన్నిబట్టి ప్రాంతానికో విలువ వాడకూడదనేది మా అభిప్రాయం. అలా వాడితే ఫ్యాక్టరీ ఎప్పుడూ పేదల పేట పక్కకే పోతుంది, లెక్క కూడా అదే సరైనదంటుంది.

మా చుట్టుపక్కల ఫ్యాక్టరీల తనిఖీ నివేదికలన్నీ ‘పరిమితి లోపే’ అంటాయి. ముక్కు మాత్రం వేరే చెబుతుంది. ఎందుకలా?
– పాఠకుడు, పటాన్‌చెరు

మీ ఊరి నివేదికలు మేం చూడలేదు. గుజరాత్‌లో ఏం జరిగిందో చెబుతాం, అక్కడ దీన్ని కొలిచారు. 1996 నుంచి అక్కడ కాలుష్యం ఎక్కువ వెదజల్లే పరిశ్రమలు ఏటా బయటి ఆడిటర్‌తో తనిఖీ చేయించుకోవాలి. ఆడిటర్‌ను ఎంచుకునేదీ డబ్బిచ్చేదీ ఫ్యాక్టరీయే. పొయ్యి గొట్టంలో ధూళికి పరిమితి ఘనపు మీటరుకు 150 మిల్లీగ్రాములు. నివేదికల్లోని అంకెలన్నీ దానికి కాస్త కిందే, ఒకదాని పక్కన ఒకటి గుంపుగా ఉండేవి. వేరేవాళ్లు మళ్లీ కొలిస్తే చాలా గొట్టాలు పరిమితి దాటి ఉన్నాయి.

ఆర్థికవేత్తలు ఎస్తర్ డఫ్లో, గ్రీన్‌స్టోన్, రోహిణీ పాండే, నికోలస్ రయాన్ అహ్మదాబాద్, సూరత్‌లలో 473 ఫ్యాక్టరీలతో ప్రయోగం చేశారు. సగం ఫ్యాక్టరీలకు మూడు మార్పులు: ఆడిటర్‌ను లాటరీ పద్ధతిలో కేటాయించడం, జీతం ఉమ్మడి నిధి నుంచి స్థిరంగా ఇవ్వడం, కొన్ని రీడింగుల్ని ఇంకొకరితో మళ్లీ కొలిపించడం. రెండో ఏడాది సరిగ్గా కొలిచినవారికి అదనపు చెల్లింపు కూడా పెట్టారు. పరిమితి దాటినా లోపే ఉందని రాయడం 80 శాతం తగ్గింది. అంతకన్నా ముఖ్యం, ఫ్యాక్టరీలే పొగ తగ్గించాయి. కొత్త చట్టం రాలేదు, పరిమితీ మారలేదు. ఆడిటర్‌కు కూలి ఎవరిస్తారన్నది మారింది. మీ దగ్గర అడగాల్సిన మొదటి ప్రశ్న కూడా అదే: కొలిచినవాడికి డబ్బిచ్చింది ఎవరు?

ఆ తరవాత సూరత్‌లో 2019లో ధూళికి ఉమ్మడి పరిమితి పెట్టి, ఫ్యాక్టరీలు పర్మిట్లు కొనుక్కునే, అమ్ముకునే సంత తెరిచారు. పొయ్యి గొట్టాలకు నిరంతరం కొలిచే యంత్రాలు బిగించాకే అది వీలైంది. సంతలో ఉన్న ఫ్యాక్టరీల ధూళి 20–30 శాతం తగ్గింది.

పొగరాని పొయ్యిలు ఉచితంగా ఇస్తే గ్రామాల్లో ఈ నష్టం తగ్గదా?
– స్వయం సహాయక సంఘం సభ్యురాలు, ఆదిలాబాద్ జిల్లా

ఒడిశాలో ప్రయత్నించారు. చిమ్నీ ఉన్న మట్టి పొయ్యిలు దాదాపు 2,600 కుటుంబాలున్న ఊళ్లలో లాటరీ పద్ధతిలో ఇచ్చి, నాలుగేళ్ల దాకా గమనించారు. మొదటి ఏడాది ఆడవాళ్లు పీల్చే పొగ తగ్గింది. రెండో ఏడాదికల్లా ఆ లాభం పోయింది. ఆరోగ్యంలో మార్పు లేదు, కట్టెలు కూడా కలిసిరాలేదు. పగుళ్లకు మట్టి మెత్తరు, చిమ్నీలో మసి దులపరు, పాత పొయ్యి పక్కనే ఉంటుంది. ప్రయోగశాలలో ఈ పొయ్యి బ్రహ్మాండంగా పనిచేసింది, వంటింట్లో దాని సంగతి చూడడం ఇంకొక పని అయింది.

గ్యాస్ విషయంలోనూ కనెక్షన్ కాదు, ఏటా ఎన్ని సిలిండర్లు వాడారన్నదే చూడాలి. పూర్తిగా గ్యాస్ మీదే వండితే నలుగురైదుగురున్న ఇంటికి ఏడెనిమిది కావాలి. ఆంధ్రలో 1999లో మొదలైన దీపం పథకం కనెక్షన్ ఇచ్చింది, 2024లో వచ్చిన దీపం–2 ఏటా మూడు సిలిండర్లు ఉచితంగా ఇస్తోంది. నడుస్తున్న దారి సరైనదే. కానీ స్నానాల నీళ్లు, పశువుల దాణా కట్టెల మీదే కాగుతుంటే ఇంట్లో ధూళి పెద్దగా తగ్గదు. ఆ పొయ్యిని కనీసం గోడకు అవతలికి, గాలివాటానికి ఎదురు కాకుండా జరపండి.

వాయు నాణ్యత సూచీ 95 అని ఫోన్‌లో పచ్చగా చూపిస్తోంది. నిశ్చింతగా ఉండొచ్చా?
– పాఠకుడు, విజయవాడ

మన సూచీలో 100కి సమానమైన పీఎం 2.5 రోజు సగటు 60 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించినది 15. కాబట్టి మీ 95 పీఎం 2.5 వల్ల వచ్చినదైతే అది మన ప్రమాణం ప్రకారం ‘సంతృప్తికరం’, వాళ్ల ప్రకారం నాలుగు రెట్లకు దగ్గర. పైగా సూచీ అంటే అన్ని కాలుష్యాల సగటు కాదు, వాటిలో ఎక్కువగా ఉన్నదాని అంకె మాత్రమే. ఏ కాలుష్యం వల్ల 95 వచ్చిందో కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. పీఎం 10 అని ఉంటే చాలావరకు రోడ్డు దుమ్ము, ఇసుక. పీఎం 2.5 అని ఉంటే పొగ.

కాలుష్యం వల్ల జబ్బుపడకపోయినా కూలీల పని తగ్గుతుందంటారు. నిజమేనా?
– నిర్మాణ సూపర్‌వైజర్, కరీంనగర్

నిజమే. కాలిఫోర్నియాలో కోసినంతకు కూలి తీసుకునే ద్రాక్ష, బ్లూబెర్రీ తోటల్లో ఆర్థికవేత్తలు గ్రాఫ్ జివిన్, నీడెల్ కొలిచారు. గాలిలో ఓజోన్ (నేల దగ్గర ఇదీ ఒక కాలుష్య వాయువే) వంద కోట్లలో 10 వంతులు తగ్గిన రోజున ఒక్కొక్కరి కోత 5.5 శాతం పెరిగింది. కోసినంతకే కూలి కాబట్టి ఎంత కోశారన్నది రోజువారీ నమోదవుతుంది, అందుకే అది కొలవగలిగారు. దినకూలి ఉన్నచోట ఇదే నష్టం ఉంటుంది కానీ మస్టర్‌లో కనపడదు. మెక్సికో నగరంలో 1991లో ఒక పెద్ద చమురు శుద్ధి కర్మాగారాన్ని మూసేశాక చుట్టుపక్కలవాళ్లు వారానికి 1.3 గంటలు ఎక్కువ పనిచేశారు. ఆస్పత్రి బిల్లులు మాత్రమే కలిపే లెక్కల్లో ఇవేవీ ఉండవు. ఓజోన్ మధ్యాహ్నం ఎండలో ఎక్కువవుతుంది కాబట్టి స్లాబు పని తెల్లవారే మొదలుపెట్టే మీ అలవాటు ఈ లెక్కలోనూ లాభమే. చలికాలంలో మాత్రం ధూళి తెల్లవారుజామునే ఎక్కువ, అప్పుడు ఒక గంట ఆగి మొదలుపెట్టండి.

ఎయిర్ ప్యూరిఫయర్ కొంటే డబ్బు గిట్టుబాటవుతుందా?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, హైదరాబాద్

పన్నెండు అడుగుల పొడవు, పది వెడల్పు, పది ఎత్తు గది అంటే 34 ఘనపు మీటర్లు. గంటకు ఐదుసార్లు గాలి తిరగాలంటే యంత్రం శుద్ధి సామర్థ్యం గంటకు 170 ఘనపు మీటర్లు ఉండాలి. పెట్టె మీద రాసేది అత్యధిక వేగంలో వచ్చే అంకె. ఆ హోరుకు రాత్రి ఎవరూ నిద్రపోలేరు, అందరూ తక్కువ వేగంలో పెడతారు, అప్పుడు సామర్థ్యం సగానికి పడిపోతుంది. కాబట్టి రెట్టింపు అంకె ఉన్నది చూడాలి.

యంత్రం 10,000 అనుకుంటే ఐదేళ్లకు పంచితే ఏటా 2,000. ఫిల్టర్ ఏటా 2,500. రోజుకు 10 గంటలు 40 వాట్లు అంటే ఏడాదికి 146 యూనిట్లు, యూనిట్ 6 రూపాయలైతే 876. మొత్తం దాదాపు 5,400. కిటికీలు మూసిన ఆ పది గంటల్లో ధూళి 25 మైక్రోగ్రాములు తగ్గిందనుకుంటే రోజంతటి సగటులో 10 తగ్గినట్టు. మైక్రోగ్రాముకు 540 రూపాయలు. చైనాలో ప్యూరిఫయర్ల అమ్మకాలనుంచి ఆర్థికవేత్తలు ఇటో, జాంగ్ లెక్కగట్టినది, పీఎం 10 ఒక మైక్రోగ్రాము తగ్గితే ఒక కుటుంబం ఏటా 1.34 డాలర్లు ఇస్తుందని. ధూళి రకం వేరు, దేశం వేరు, అయినా ఆ దరిదాపుల్లో చూస్తే సగటు ఇంటికి గిట్టదు. గదిలో ఆస్తమా ఉన్న పిల్లవాడో, గుండె జబ్బున్న పెద్దవారో ఉంటే లెక్క మారిపోతుంది. ఆ గదికి మాత్రం కొనండి. ముందు అగరుబత్తి, దోమల కాయిల్ ఆపి ఒక వారం చూడండి, దానికి ఖర్చేమీ లేదు.